కొరియా, ఫిలిప్పీన్స్ కలిసి పడ్డాయి, కలిసి లేచాయి. దారులు ఎక్కడ విడిపోయాయి?

ప్రశ్న (పీజీ విద్యార్థిని, తిరుపతి):
ఎం.ఏ. రాజనీతిశాస్త్రం, రెండో ఏడాది. డిసర్టేషన్ కోసం వీ-డెమ్ (దేశాల్లో ప్రజాస్వామ్యాన్ని ఏటా కొలిచే సంస్థ) అంకెలు తీసుకుని దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ గీతలను ఒకే గ్రాఫ్‌లో పెట్టాను. 1972 సెప్టెంబరులో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ మార్షల్ లా (సైనిక పాలన) పెట్టాడు, అక్టోబరులో కొరియా అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ కూడా అదే పని చేశాడు. 1986 ఫిబ్రవరిలో మనీలా జనం రోడ్డెక్కారు, 1987 జూన్‌లో సోల్ జనం. ఇద్దరికీ 1987లోనే కొత్త రాజ్యాంగం, అధ్యక్షుడికి ఒక్క టర్మే. ఆ తర్వాత కొరియా గీత పైనే నిలిచింది, ఫిలిప్పీన్స్‌ది 2016 నుంచి జారింది. మా గైడ్ సార్ "గీత గీశావు సరే, కారణమేదమ్మా?" అన్నారు. కొరియా దగ్గర డబ్బుంది అని రాస్తే చాలా?

జవాబు (దావావ్ డాక్టర్):
చాలదమ్మా. నేను 2014 నుంచి 2019 దాకా ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో మెడిసిన్ చదివాను. ఆ ఊరి మేయర్ డుటెర్టేనే 2016లో అధ్యక్షుడయ్యాడు. 2017 మే 23న మరావి ఊళ్లో సైన్యానికీ ఐసిస్ మద్దతుదారులైన మిలిటెంట్లకూ మధ్య కాల్పులు మొదలయ్యాయి, ఆ రాత్రే దావావ్ కూడా ఉన్న మిండనావ్ దీవి అంతటా మార్షల్ లా. 60 రోజులకని పెట్టినదాన్ని కాంగ్రెస్ ఓట్లేసి మరీ 2019 ఆఖరిదాకా లాగింది. చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి కార్డు చూపించడం మాకు అలవాటైపోయింది. నన్ను కలవరపెట్టింది అది కాదు. మా ఇంటి ఓనరమ్మ "మార్కోస్ రోజుల్లో ఇలాగే క్రమశిక్షణ ఉండేది" అని సంతోషంగా చెప్పేది.

కొరియాలో సైనిక తిరుగుబాటుతో అధికారం పట్టిన చున్ డూ-హ్వాన్, రో టే-వూ ఇద్దరు మాజీ అధ్యక్షులనూ 1996లో బోనులో నిలబెట్టి శిక్ష వేశారు. ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ కుటుంబం 1991లో తిరిగొచ్చింది, 2022లో కొడుకే 58 శాతం పైగా ఓట్లతో గెలిచాడు. కుటుంబ పాలనను నిషేధించాలని 1987 రాజ్యాంగంలోనే ఉంది, కానీ "చట్టం నిర్వచించినట్లు" అన్నారు. కాంగ్రెస్ నిండా ఆ కుటుంబాలే ఉంటే ఆ చట్టం ఎవరు చేస్తారు?

ప్రశ్న అడిగినామె:
కానీ అన్నా, చున్‌ను 1997 డిసెంబరులో క్షమించి వదిలేశారు కదా?

జవాబు (కొరియాలోని సువాన్‌లో ఇంజనీరు):
వదిలేశారు, నిజమే. అయినా తీర్పు తీర్పే, అది జనానికి గుర్తుంది. 2024 డిసెంబరు 3 రాత్రి అప్పటి అధ్యక్షుడు యూన్ మార్షల్ లా అన్నప్పుడు నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మా టీమ్‌లో ఒకాయన, యాభై దాటినవాడు, "గ్వాంగ్జూ" (1980లో చున్ సైన్యం జనాన్ని కాల్చి చంపిన ఊరు) అని ఒక్క మాట మెసేజ్ పెట్టి అసెంబ్లీకి బయల్దేరాడు. ఎంపీలు గోడ దూకి లోపలికెళ్లారు. ఒంటిగంటకు 190 మంది ఓటేశారు, 190 మందీ రద్దుకే. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ కోర్టు యూన్‌ను పదవి నుంచి తీసేసింది.

ఒక మాట. గ్రాఫ్‌ను 1972లో మొదలుపెట్టకండి. ఫిలిప్పీన్స్ 1946 నుంచీ ఎన్నికలతోనే అధ్యక్షులను మార్చుకుంటూ వచ్చింది. కొరియాలో 1961లోనే సైన్యం కూర్చుంది. "కలిసి పడ్డాయి" అన్నారు గానీ, పడిన ఎత్తు ఒకటి కాదు.

జవాబు (దావావ్ డాక్టర్):
ఇదీ కలుపుకోమ్మా. 2025 మార్చిలో డ్రగ్స్‌పై యుద్ధం పేరిట జరిగిన హత్యల కేసులో డుటెర్టేను అరెస్టు చేసి హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పంపారు. మేలో, అక్కడ నిర్బంధంలో ఉండగానే, దావావ్ జనం ఆయన్నే మళ్లీ మేయర్‌గా గెలిపించారు.

ప్రశ్న అడిగినామె:
ఎన్నిక సక్రమంగా జరిగితే అంకె తగ్గదు. ఇది ఏ గీతలో కనిపిస్తుందో రేపు సార్‌ను అడుగుతాను.