కుక్క దురదకు ఎనిమిది వారాల పథ్యం: మన ఇళ్లల్లో అయ్యే పనేనా?

పానగల్లు రాకీ (నల్లగొండ)
మా రాకీ లాబ్రడార్. తెల్లటి రంగు, నాలుగేళ్లు, ముప్పై రెండు కిలోలు. రెండేళ్లుగా పాదాలు నాకడమే వాడి పని. వేళ్ల మధ్య బొచ్చు ఇటుక రంగుకు తిరిగింది. చంకలు ఎర్రగా ఉంటాయి. చెవుల్లో నల్లటి మడ్డి, పులిసిన వాసన. వానలు పడ్డప్పటి నుంచి దీపావళి దాకా మరీ ఎక్కువ. ఎండాకాలం కొంచెం నయం, కానీ చెవులు మాత్రం ఏడాది పొడుగునా అంతే. ఇన్నాళ్లూ చూపించిన చోట ఒక ఇంజెక్షన్ వేసేవారు. పదిహేను రోజులు బాగుండేవాడు, మళ్లీ మొదలు. ఈసారి వేరే డాక్టర్ దగ్గరికి పోతే ఎనిమిది వారాలు చికెన్, గుడ్డు, పాలు, పెరుగు, బిస్కెట్ అన్నీ బంద్ పెట్టి ఒక్క కొత్త తిండి మీదే ఉంచమన్నారు.

మా ఇంట్లో ఏడుగురం. నాయనమ్మ రాకీకి పెరుగన్నం ముద్ద పెట్టనిదే తను తినదు. పిల్లలు బిస్కెట్ కింద పడేస్తే అది నేలను తాకేలోపే వాడి నోట్లో ఉంటుంది. ఈ పథ్యం పూర్తిగా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేక నేరుగా మందులు మొదలుపెట్టడమే మేలా?

పాలమూరు బిడ్డ
చికెన్ బంద్ చేయన్నా, అంతే. మా జూలీకి జొన్న రొట్టె, పెరుగు మీద పెట్టిన, మూడు రోజులకే గోకుడు ఆగింది. బ్రాయిలర్ కోడికి వేసే మందులన్నీ కుక్క ఒంట్లోకే పోతయి. డాక్టర్లు ఊరికే భయపెడతరు.

మిల్లు పక్కిల్లు (మిర్యాలగూడ)
మూడు రోజులకే ఆగిందంటే అది తిండి అలర్జీ కాదేమో, లేదా అదే టైమ్‌లో ఇంకేదో మారి ఉంటుంది. నేను రెండుసార్లు పథ్యం చేశాను. మొదటిసారి ఆరు వారాలు, రెండోసారి పది వారాలు. మా షీబాకు వెంట్రుక వాసి తేడా రాలేదు. మాది రైస్ మిల్లుల పక్క వీధి. సీజన్‌లో ఊక దుమ్ము వాకిట్లో పేరుకుంటుంది. దానికి పడనిది గాలిలో ఉంటే గిన్నెలో తిండి మార్చి ఏం లాభం? ఇప్పుడు రోజుకొక ఆక్లాసిటినిబ్ అనే దురద తగ్గించే మాత్ర వేస్తున్నాను. మొదటి రోజే రాత్రంతా పడుకుంది. అప్పుడు అనిపించింది, ఈ పథ్యాలతో దాన్ని నాలుగు నెలలు ఊరికే ఏడిపించానని. రాకీ తమ్ముడూ, వానాకాలంలో ఎక్కువవుతుందంటే అది గాలి, గడ్డి సంగతే. పథ్యం టైమ్ వేస్ట్.

దేవరకొండ రైతు
మా ఊరి కుక్కలు చికెన్ సెంటర్ దగ్గర తోళ్లు, కాళ్లు, పేగులు తిని బతుకుతున్నాయి. ఒక్కదానికీ అలర్జీ లేదు. కొన్న కుక్కలకే ఈ జబ్బులన్నీ.

టీచరమ్మ (నాగర్‌కర్నూల్)
ఊరి కుక్కలకు లేదని ఎట్లా తెలుసన్నా? బొచ్చంతా ఊడిపోయి గోడకు రుద్దుకునే కుక్కను చూసి గజ్జి అని రాయి విసురుతాం తప్ప ఎవరైనా దవాఖానకు తీసుకుపోయారా? మాది ఊరి కుక్కే, కుప్పలో దొరికిన పిల్ల. దానికీ వచ్చింది.

నాది వేరే అనుభవం. పథ్యం ఎవరు చేస్తారులే అని తొమ్మిది వేలు పెట్టి రక్త పరీక్ష చేయించాను. పద్దెనిమిది పేర్ల పక్కన ఎర్ర గుర్తులు వచ్చాయి. బియ్యం, బంగాళదుంప, బాతు మాంసం, సాల్మన్ చేప. మా కుక్క జన్మలో సాల్మన్ వాసన కూడా చూడలేదు. ఆ కాగితం పట్టుకుని వారం రోజులు టెన్షన్ పడ్డాను, దీనికి ఇక గాలి తప్ప ఏం పెట్టాలని.

రిటైర్డ్ పశువైద్యుణ్ని (వనపర్తి)
టీచరమ్మగారి కాగితంతో మొదలుపెడతాను. తిండి అలర్జీని తేల్చడానికి రక్తం, లాలాజలం, వెంట్రుకల పరీక్షలు నమ్మదగ్గవి కావు. ఆరోగ్యంగా ఉన్న కుక్క రక్తం పంపినా ఎర్ర గుర్తులు వస్తాయి. దుమ్ము పురుగులు, పుప్పొడి లాంటి వాటికి చేసే పరీక్ష సంగతి వేరు. అది కూడా జబ్బు ఉందని తేల్చడానికి కాదు, ఉందని తేలాక ఆ అలర్జీకి తగ్గ ఇంజెక్షన్ల కోర్సు తయారుచేయడానికి పనికొస్తుంది. ఆ కోర్సు ఫలితం తెలియడానికి ఏడాది దాకా పట్టవచ్చు.

ఇక పథ్యం. ఇది వైద్యం కాదు, పరీక్ష. ఇక్కడ చాలామంది అక్కడే తప్పటడుగు వేస్తున్నారు. ఎనిమిది వారాలు ఎందుకంటే, తిండి అలర్జీ ఉన్న కుక్కల్లో నూటికి తొంభైకి పైగా ఆ లోపు కుదుటపడతాయి. ఐదో వారానికే చాలావరకు తేడా కనిపిస్తుంది. మూడు రోజులకు తగ్గిందనేది గట్టి సాక్ష్యం కాదు. కుదుటపడ్డాక పాత తిండి మళ్లీ పెట్టాలి. పెట్టిన గంటల్లోనో, రెండు వారాల లోపో దురద తిరిగొస్తేనే తిండి మీద నేరం రుజువైనట్టు. ఈ రెండో సగం ఎవరూ చేయరు. తగ్గిందిగా, మళ్లీ ఎందుకు గెలకడం అంటారు. దాంతో కుక్క బతికినన్నాళ్లూ ఏ తప్పూ చేయని వస్తువులు కూడా బంద్ అయిపోతాయి.

పాలమూరు బిడ్డగారూ, చికెన్ ఒక్కటే దోషి కాదు. కుక్కల్లో ఎక్కువగా తేలేవి బీఫ్, పాల పదార్థాలు, చికెన్, గోధుమ. మీరు చికెన్ తీసి పెరుగు పెట్టారు. మీ జూలీకి పడింది కాబట్టి సరే, ఇంకో కుక్కకు అదే పెరుగు కారణం కావచ్చు. అలర్జీ వచ్చేది ఆ మాంసంలో సహజంగా ఉండే ప్రొటీన్ వల్ల. కోడికి మందులు వేశారా, నాటుకోడా అన్నది దీనికి సంబంధం లేని మాట.

అయితే పథ్యం మొదటి మెట్టు కాదు. ముందు పిడుదులు, ఎగిరి దూకే పేలు (ఫ్లీస్) పోవాలి. పేల అలర్జీ ఉన్న కుక్కకు నాలుగు కాట్లు చాలు, తోక మొదట్లో గోకి గోకి పుండు చేసుకుంటుంది. తర్వాత చర్మం గీకి సూక్ష్మదర్శినిలో గజ్జి పురుగు ఉందేమో చూడాలి. ఆ తర్వాత చెవిలో, పాదాల్లో ఫంగస్, చీము. ఆ పులిసిన వాసన చాలావరకు ఫంగస్‌దే. ఇవి వదిలేసి పథ్యం చేస్తే, కారణం తిండే అయినా దురద తగ్గదు. మిర్యాలగూడ మిత్రమా, మీరు ఆ పది వారాల్లో చెవుల ఫంగస్‌కు మందు వాడారా?

మిల్లు పక్కిల్లు
రెండోసారి వాడాను సార్. మొదటిసారి లేదు, ఒప్పుకుంటాను.

రిటైర్డ్ పశువైద్యుణ్ని
అయితే రెండోసారి చేసింది సరైన పరీక్షే. షీబాకు తిండి కారణం కాదని తేలింది. అది వేస్ట్ కాదు, సమాధానం. ఆ మాత్ర కూడా మంచిదే. మొదటి పద్నాలుగు రోజులు రెండు పూటలా, తర్వాత ఒక పూట. ఏడాది నిండని పిల్లలకు వేయకూడదు. పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, కేన్సర్ గడ్డలు ఉన్నప్పుడు వేయకూడదు. రాకీకి ఇన్నాళ్లూ వేసింది బహుశా చాలా రోజులు పనిచేసే స్టెరాయిడ్. దానివల్ల నీళ్లు, మూత్రం, ఆకలి పెరుగుతాయి. ఏళ్ల తరబడి వేస్తే చర్మం పలచబడి, పొట్ట వేలాడి ఇంకో జబ్బు అవుతుంది. దాని ప్రభావం పూర్తిగా దిగేదాకా పథ్యంలో తగ్గిందో లేదో నమ్మలేం.

దేవరకొండ రైతు
సార్, మా దగ్గర ఒకాయన అంటున్నాడు, ఇదంతా ఫ్లోరైడ్ నీళ్ల వల్లనే అని.

రిటైర్డ్ పశువైద్యుణ్ని
మన జిల్లాల్లో ప్రతిదానికీ ఫ్లోరైడ్ మీద కేసు పెట్టడం అలవాటైంది. అది పట్టేది పళ్లను, ఎముకలను. ఈ దురదకు దానికి లంకె లేదు.

పానగల్లు రాకీ
సార్, దురదతో వాణ్ని ఎనిమిది వారాలు అట్లాగే వదిలేయాలా? మెడికల్ షాపులో సెట్రిజిన్ ఇమ్మంటున్నారు.

రిటైర్డ్ పశువైద్యుణ్ని
వదిలేయక్కర్లేదు. మొదటి మూడు నాలుగు వారాలు దురద తగ్గించే మాత్ర వాడి, తర్వాత ఆపి చూడవచ్చు. సెట్రిజిన్ కుక్కల్లో అంతంతమాత్రమే. జలుబు మందు కలిసిన రకం పొరపాటున వేస్తే ప్రాణం మీదికి వస్తుంది, అడగకుండా ఏదీ వేయవద్దు. క్లోర్‌హెక్సిడిన్ షాంపూతో వారానికోసారి స్నానం చేయించండి. నురగతో పది నిమిషాలు ఉంచాలి. ఈ పది నిమిషాలే అసలు కష్టం, గడియారం పెట్టుకోండి. బయట తిరిగి రాగానే తడిగుడ్డతో పాదాలు, పొట్ట తుడవండి. వయ్యారిభామ ఉన్న ఖాళీ ప్లాట్లలోకి పోనివ్వవద్దు. 1950ల నుంచి మన దేశమంతా పాకిన ఆ మొక్క మనుషుల చర్మాన్నీ పశువుల చర్మాన్నీ మండిస్తుంది.

వాడు ఇప్పటిదాకా తిననిది ఏముంది?

పానగల్లు రాకీ
చికెన్, గుడ్డు, మటన్ బొక్కలు, పాలు, పెరుగు, గోధుమ, అన్నం అన్నీ తిన్నాడు. చేప మాత్రం ముళ్ల భయంతో ఎప్పుడూ పెట్టలేదు.

రిటైర్డ్ పశువైద్యుణ్ని
అయితే చేపే. బొచ్చె గానీ కొర్రమట్ట గానీ, ముళ్లు తీసి ఉడకబెట్టి, దానిలో చిలగడదుంప. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు ఎప్పుడూ వద్దు, పథ్యం ఉన్నా లేకున్నా. ఎదిగిన కుక్కకు ఎనిమిది వారాలకు ఇబ్బంది లేదు గానీ, ఇదే ఏళ్ల తరబడి పెట్టాలంటే కాల్షియం, మిగతా ఖనిజాలు లెక్కగట్టి కలపాలి. చేయలేకపోతే ప్రొటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టిన డాక్టర్ ఫుడ్ బస్తాలు ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. బయట ‘ల్యాంబ్’ అని రాసిన బస్తా తెచ్చి మురిసిపోవద్దు. చాలాసార్లు వెనక చిన్న అక్షరాల్లో చికెన్ ఉంటుంది.

టీచరమ్మ
నాయనమ్మ సంగతి ఎవరూ మాట్లాడలేదు, అసలు కథ అక్కడే ఉంది. మా అత్తమ్మకు నేను పెట్టొద్దని చెప్పినన్ని రోజులూ చాటుగా పెట్టింది. పెట్టొద్దు అనడం మానేసి, ఉడికిన చిలగడదుంప ముక్కలు డబ్బాలో వేసి ఆమె చేతికే ఇచ్చాను. ‘దీనికి ఇవే పెట్టాలత్తమ్మా, మీరు పెడితేనే తింటది’ అన్నాను. ఆ రోజు నుంచి ఇంట్లో కాపలా ఆమెదే. పిల్లలు బిస్కెట్ పట్టుకుని కుక్క దగ్గరికి పోతే అరుపులు వీధి చివరికి వినిపించేవి.

పాలమూరు బిడ్డ
ఇదైతే నిజమక్కా. మా ఇంట్ల కూడా పెద్దోళ్లే డేంజర్ :)

*(నాలుగు వారాల తర్వాత)*

పానగల్లు రాకీ
అప్‌డేట్. టీచరమ్మ చెప్పినట్టే డబ్బా నాయనమ్మకు ఇచ్చాం. ఇల్లంతా చేపల వాసన, అది వేరే గొడవ. మూడో వారానికి చెవులు వాసన లేకుండా అయ్యాయి. తర్వాత ఉన్నట్టుండి ఒక రాత్రంతా చెవులు గోకాడు. అందరూ నాయనమ్మ వైపు చూశాం. ఆమె ఏడ్చినంత పని చేసింది. తీరా లెక్క చూస్తే తప్పు నాది. పిడుదులకు నెల మాత్ర నేనే వేశాను. నమిలి తినేలా మాంసం రుచితో చేసిన మాత్ర అది. డబ్బా మీద రాసే ఉంది.

రిటైర్డ్ పశువైద్యుణ్ని
ఇది నేను ముందే చెప్పాల్సింది. రుచి కలిపిన నులిపురుగుల మాత్రలు, కాల్షియం బొక్కలు, అన్నీ పథ్యం చెడగొడతాయి. అయితే ఆ రాత్రి గోకుడుకు మాత్రే కారణమని ఒక్కసారితో తేల్చలేం. పిడుదులకు మెడ మీద చుక్కలు వేసే మందుకు మారండి. మొదటికి రావాల్సిన పని లేదు, ఇంకో రెండు వారాలు కలిపి పొడిగించండి.

మిల్లు పక్కిల్లు
చూశారా, చదువుకున్నవాళ్ల చేతిలోనే ఇట్లా అయితే మిగతా ఇళ్లల్లో ఏం జరుగుతుంది? అందుకే నేను మాత్ర అంటున్నది.

టీచరమ్మ
నెలనెలా మాత్రలు కొనే స్తోమత అందరికీ ఉండదన్నా. చేప, చిలగడదుంప రెండు నెలలు పెట్టి, తేలితే ఒక్క చికెన్ మానేస్తే సరిపోయే కుక్కలు కూడా ఉన్నాయి కదా.

*(ఇంకో ఎనిమిది వారాలకు)*

పానగల్లు రాకీ
పది వారాలు పూర్తయ్యాయి. చెవులు శుభ్రం. పాదాలు నాకడం సగానికి తగ్గింది గానీ ఆగలేదు. డాక్టర్ చెప్పినట్టు ఉడికించిన చికెన్ మాత్రమే మళ్లీ పెట్టాం. నాలుగో రోజు తల విదిలించడం మొదలు, ఆరో రోజుకు పాత వాసన. మళ్లీ చేపకు మార్చాక కుదురుకున్నాడు. అంటే చికెన్ ఉంది, దాంతో పాటు గాలిలోదీ ఉంది. పాదాలకు తడిగుడ్డ, వారం స్నానం సాగుతున్నాయి. వచ్చే వానాకాలంలో మరీ ఎక్కువైతే అప్పుడు మాత్ర ఆలోచిస్తాం.

మిల్లు పక్కిల్లు
మొత్తానికి సగం నేనూ గెలిచాను.

పాలమూరు బిడ్డ
మిగతా సగం నాది. చికెన్ అని మొదటి రోజే చెప్పిన.

పానగల్లు రాకీ
ఇద్దరూ పంచుకోండన్నా. ఇంట్లో ఇప్పుడు వేరే పంచాయితీ నడుస్తోంది. పెరుగు పరీక్ష ఎప్పుడని నాయనమ్మ రోజూ పొద్దున్నే అడుగుతోంది. గుడ్డు తర్వాతే పెరుగు, గుడ్డుకు రెండు వారాలు పడుతుందని చెబితే క్యాలెండర్ మీద తనే గీత కొట్టుకుంది.