అదే చిప్పు, అదే కోడ్, నా బోర్డు మాత్రం 200 మీటర్లు దాటట్లేదు

శనక్కాయల_రైతుబిడ్డ
అన్నలూ, నెల రోజులుగా బుర్ర పనిచేయట్లేదు. మాది అనంతపురం పక్కన పల్లె, రాత్రిపూట కరెంటు వచ్చినప్పుడల్లా నాన్న తోటకి నడిచి వెళ్ళి మోటారు వేస్తుంటాడు, ఆ నడక తప్పిద్దామని లోరాతో (తక్కువ పవర్‌తో చాలా దూరం అందే రేడియో) ఒక పెట్టె చేస్తున్నా. కొనుక్కున్న డెవలప్‌మెంట్ బోర్డుతో డాబా మీద నుంచి బోరు దాకా, కిలోమీటరున్నర, బ్రహ్మాండంగా అందింది. అదే లోరా చిప్పు (ఎస్ఎక్స్1276) ఉన్న మాడ్యూల్ పెట్టి సొంతంగా రెండు లేయర్ల బోర్డు గీసి చేయిస్తే 200 మీటర్లకే ఆర్ఎస్ఎస్ఐ (అందే సిగ్నల్ బలం, డీబీఎమ్‌లలో) -118కి పడిపోతోంది. ఐదు బోర్డులూ అంతే, కాబట్టి సోల్డరింగ్ తప్పు కాదు. మాడ్యూల్ నుంచి స్ప్రింగ్ యాంటెన్నా దాకా ట్రేస్ (బోర్డు మీది రాగి గీత) 40 మి.మీ., వెడల్పు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన 0.25 అలాగే ఉంచేశా.

రాగి_తీగ
ఆ "అలాగే ఉంచేశా" దగ్గరే ఉంది తమ్ముడూ. 1.6 మి.మీ. మందం ఎఫ్ఆర్4 (మామూలు బోర్డు పదార్థం) మీద, కింద పూర్తి గ్రౌండ్ (రాగి పొర) ఉంటే, మాడ్యూల్‌కీ యాంటెన్నాకీ సరిపోయే 50 ఓమ్‌ల ఇంపెడెన్స్‌కి ట్రేస్ దాదాపు 3 మి.మీ. వెడల్పు కావాలి. నీ సన్న గీత 120 ఓమ్‌లు దాటేస్తుంది. పొడవు 5 మి.మీ. అయితే 866 మెగాహెర్ట్జ్ దగ్గర ఎవరూ పట్టించుకోరు, కానీ 40 అంటే బోర్డు మీద పావు తరంగానికి దగ్గర పడుతుంది, అప్పుడా గీత వైరులా ఉండదు, ట్రాన్స్‌ఫార్మర్‌లా తయారై అవతల ఉన్న 50ని దాదాపు మూడొందల ఓమ్‌లుగా చూపిస్తుంది. సగానికి పైగా పవర్ అక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది. బోర్డు వెనక వైపు ఫొటో పెట్టు, ట్రేస్ కింద గ్రౌండ్ ఉందో లేదో చూడాలి.

శనక్కాయల_రైతుబిడ్డ
కింద 5 వోల్ట్ల లైను అడ్డంగా వెళ్తోంది అన్నా, వేరే దారి దొరక్క. గ్రౌండ్ అక్కడ రెండు ముక్కలైంది.

రాగి_తీగ
సరిపోయింది. పైన వెళ్ళే సిగ్నల్‌కి తిరుగు దారి సరిగ్గా దాని కిందే ఉండాలి, అది తెగితే చుట్టు తిరిగి వస్తుంది, ఆ తిప్పట్లో దారిలో ఉన్న బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే సర్క్యూట్) రొదంతా రిసీవర్‌కి అంటించుకొస్తుంది. ముందు ఆర్ఎఫ్ (రేడియో సిగ్నల్) గీత గీసుకుని తర్వాతే మిగతావి గీయాలి, మనం అందరం దాన్ని చివరికి వదిలేస్తాం.

కూకట్‌పల్లి_సోల్డర్
ట్రేస్ సంగతి సరే, ముందు ఆ స్ప్రింగ్‌ని అనుమానించు బ్రో. నేను ఆన్‌లైన్‌లో 868 అని కొన్న స్ప్రింగ్‌లు నానోవీఎన్ఏకి (యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి సరిపోతుందో చూపే చిన్న మీటరు) పెట్టి చూస్తే గ్రాఫ్‌లో గుంట 433 దగ్గర పడింది, పది స్ప్రింగులూ అంతే! ఇంకోసారి ఎస్ఎమ్ఏ సాకెట్‌కి (యాంటెన్నా బిగించే మర కనెక్టర్) పిన్ను తారుమారుగా ఉండే ఆర్పీ-ఎస్ఎమ్ఏ యాంటెన్నా బిగించా, మర చక్కగా పట్టేసింది, కానీ సాకెట్ మధ్యలోనూ రంధ్రమే, యాంటెన్నాలోనూ రంధ్రమే, పిన్ను ఎటూ లేదు. అంటే తగలనే లేదు. వారం రోజులు కోడ్‌ని తిట్టుకున్నా.

ఛాంబర్_లో_ఉద్యోగం
రేడియో టెస్టింగ్‌లో పనిచేస్తాను. మా దగ్గరికి వచ్చే బోర్డుల్లో ఎక్కువగా చూసేది ఇదే: యాంటెన్నాని విడిగా, బల్ల మీద, గాల్లో కొలిచి "వెనక్కి తిరిగేది -20 డీబీయే, అంటే నూరో వంతే మేడమ్" అంటారు. డబ్బాలో పెట్టి, బ్యాటరీ పెట్టి, మూత బిగించాక కొలవండి. ప్లాస్టిక్ దగ్గరగా వస్తేనే ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది, నీళ్ళు పోకూడదని ఎపాక్సీ పోస్తే ఇంకా జారుతుంది. అందుకే యాంటెన్నా ముందు మూడు ఖాళీ ప్యాడ్లు వదలండి, గీత నుంచి గ్రౌండ్‌కి రెండు, వాటి మధ్యలో గీతలోనే వరుసగా ఒకటి, మొదట మధ్యలో జీరో ఓమ్ రెసిస్టర్ పెట్టి నడిపించండి. తర్వాత కొలిచి కెపాసిటరో ఇండక్టరో వేసుకోవచ్చు, బోర్డు మళ్ళీ చేయించక్కర్లేదు.

కోడ్‌లో ఫ్రీక్వెన్సీ ఎంత పెట్టారు? ఉదాహరణ కోడ్‌లలో యూరప్‌ది 868.1 ఉంటుంది, అది అలాగే కాపీ అయిపోతుంది. మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడే బ్యాండ్‌కి అది బయట. 865-868 మధ్యలోకి తెచ్చుకోండి.

శనక్కాయల_రైతుబిడ్డ
868.1 ఏ ఉంది మేడమ్ 🙈 మార్చేశా.

ఈఎస్పీ_బాధితుడు
నాది వైఫై గోల కానీ ఇక్కడే చెప్తా. ఈఎస్పీ32 (వైఫై చిప్పు) మాడ్యూల్‌ని బోర్డు మధ్యలో పెట్టి యాంటెన్నా కింద కూడా గ్రౌండ్ పోసేశా, నీట్‌గా కనిపిస్తుందని. పక్క గదిలో రౌటర్ కూడా దొరకలేదు. మాడ్యూల్ డాక్యుమెంట్‌లో యాంటెన్నా చుట్టూ 15 మి.మీ. ఖాళీ వదలమని బొమ్మ గీసి మరీ ఉంది, నేను పిన్‌ల పట్టిక చూసి మూసేశా. చిన్న రంపంతో అక్కడి బోర్డు కోసి పారేస్తే లింక్ వచ్చింది.

నాలుగు_లేయర్లు
ఇప్పుడు నాలుగు లేయర్ల బోర్డు పెద్ద ఖరీదేం కాదు. పై లేయర్ కిందే గ్రౌండ్ వస్తుంది, 3 మి.మీ. గీత కాస్తా 0.35 దగ్గరికి దిగుతుంది. ఎందుకీ తంటా?

రాగి_తీగ
మోటారు స్విచ్‌కి నాలుగు లేయర్లు ఎందుకయ్యా. మాడ్యూల్‌ని యాంటెన్నా పక్కకి జరిపితే అయిపోయేదానికి.

శనక్కాయల_రైతుబిడ్డ
అప్‌డేట్. కొత్త బోర్డు ఇంకా రాలేదు, ఆగలేక పాతదాన్నే కోశా. బ్లేడుతో ట్రేస్ తెంచి, మాడ్యూల్ ప్యాడ్ నుంచి సన్న కోయాక్స్ (జాలీ చుట్టిన కేబుల్) ముక్క సోల్డర్ చేసి, దాని జాలీని మాడ్యూల్ పక్క గ్రౌండ్‌కి అంటించా. స్ప్రింగ్ పీకేసి ఇంటి వైరింగ్ తీగ 9 సెం.మీ. పెట్టి, కాలేజీలో నానోవీఎన్ఏ అడిగి తెచ్చుకుని, గుంట 866 దగ్గరికి వచ్చేదాకా మిల్లీమీటరు మిల్లీమీటరు కత్తిరించా. 8.2 దగ్గర ఆగింది. 200 మీటర్ల దగ్గర -118 కాస్తా -97 అయింది!! అంత సంతోషంగా తీసుకెళ్ళి స్టార్టర్ ఉన్న ఇనప పెట్టెలో పెట్టి తలుపేస్తే మళ్ళీ సున్నా. ఇప్పుడు పెట్టె బయట మూడు మీటర్ల పైపు ఎక్కించి, చివర ప్లాస్టిక్ డబ్బాలో బోర్డు పెట్టి కిందికి రెండు వైర్లు దించా. కంది ఏపుగా పెరిగినా పైనుంచే చూస్తుంది కాబట్టి కిలోమీటరున్నర పట్టింది.

నాన్న మాత్రం ఫోన్లో "మోటారు ఆన్" చూసి కూడా రాత్రి నడిచి వెళ్ళొచ్చాడు, నీళ్ళు నిజంగా పడుతున్నాయో లేదో అని.

కూకట్‌పల్లి_సోల్డర్
నాన్నగారిదే కరెక్ట్ బ్రో, రిలే పడిందని చెప్తే చాలదు. మోటారు వైరుకి ఒక సీటీ (కరెంటు కొలిచే రింగు) తొడిగి ఆంపియర్లు చదివి వెనక్కి పంపు. బోరులో నీళ్ళు లేక ఊరికే తిరిగితే ఆంపియర్లు తగ్గుతాయి, నీళ్ళు బాగా పడుతున్నప్పటి రీడింగ్ ఒకటి రాసి పెట్టుకో.