స్కూల్ అప్పీళ్లు వినే ప్యానెల్‌లో వాలంటీర్‌గా కూర్చోవడం: మన హైదరాబాద్‌లో ఇలాంటిది ఉందా?

తార్నాక_రావు:
మా చెల్లెలు ఇంగ్లండ్‌లో ఉంటుంది. అక్కడ పిల్లలకి స్కూల్లో సీటు రాకపోతే తల్లిదండ్రులు అప్పీల్ చేసుకుంటారట, అది వినే ప్యానెల్‌లో ఈ ఏడాది నుంచి వాలంటీర్‌గా కూర్చుంటోంది. జీతం లేదు, దారి ఖర్చులు ఇస్తారు. తను టీచరూ కాదు, లాయరూ కాదు, ఒక షాపులో లెక్కలు చూస్తుంది. నాకు ముందు నమ్మబుద్ధి కాలేదు, ఎవరి చేతో చెప్పిస్తే తప్ప సీటు దొరకదని వింటూ పెరిగినవాళ్లం కదా. నేను బ్యాంకులో రిటైరయ్యాను, ఖాళీగానే ఉన్నాను. అసలు లోపల ఏం జరుగుతుంది? ఇక్కడ నాలాంటివాడికి అలాంటి పని ఏదైనా ఉందా?

కొండాపూర్_రిటర్న్:
నేను అక్కడ ఆరేళ్లు చేసి వచ్చాను. కేసుల గురించి చెప్పకూడదు, పద్ధతి చెప్తాను. కనీసం ముగ్గురు ఉంటారు. ఒకరు చదువుల రంగం తెలిసినవాళ్లు, ఒకరు బడి నడిపిన అనుభవం లేని మామూలు మనిషి. తమాషా ఏంటంటే బడిలో పిల్లలున్న తల్లో తండ్రో అయితే చదువుల రంగం కింద లెక్కేస్తారు. ఆ స్కూల్‌తో సంబంధం ఉంటే మాత్రం కూర్చోనివ్వరు. ముందు ట్రైనింగ్ తప్పనిసరి. సెకండరీ సీట్లు మార్చి 1న, ప్రైమరీవి ఏప్రిల్ 16న చెప్తారు కాబట్టి ఎండాకాలమంతా ఇదే పని, కట్టలకొద్దీ కాగితాలు ఇంటికొస్తాయి.

మొదట స్కూల్ తన రూల్స్ సరిగ్గా పాటించిందా, నిజంగా ఇంకొకరికి చోటు లేదా అని చూస్తాం. తర్వాత ఈ పిల్లకి ఆ బడి ఎంత అవసరం, స్కూల్‌కి ఎంత ఇబ్బంది అని తూస్తాం. ఆ రెండోదే కష్టం. ఒక తల్లి ఏడుస్తూ చెప్తుంటే మనసు అటే లాగుతుంది, కానీ అదే రోజు ఏడవడం రాని ఇంకో తల్లి కూడా వస్తుంది. చిన్న క్లాసుల్లో టీచరుకి 30 మంది దాటకూడదని చట్టం, అక్కడ గెలవడం చాలా అరుదు.

స్కూల్ నుంచి శాశ్వతంగా తీసేసిన పిల్లల విషయం వేరు. దానికి వేరే ప్యానెల్. ఆ ప్యానెల్ స్కూల్ తీసుకున్న నిర్ణయాన్ని కొట్టేసి మళ్లీ ఆలోచించమనగలదు గానీ, పిల్లాణ్ణి తిరిగి చేర్చుకోమని హుకుం జారీ చేయలేదు. నాకైతే అది సగం పవరే అనిపించేది.

మలక్‌పేట_మాస్టారు:
రావుగారూ, అలాంటి ప్యానెల్ మన దగ్గర లేదు. చట్టం మాత్రం ఉంది. 2009 విద్యా హక్కు చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం ఎలిమెంటరీ చదువు, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు. 2019లో సవరించినప్పుడు ఫెయిల్ చేయడానికి దారిచ్చారు గానీ తీసేయడానికి ఇవ్వలేదు. అడ్మిషన్‌కి పిల్లలకో తల్లిదండ్రులకో టెస్టు పెడితే మొదటిసారి 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. ఫిర్యాదు రాసి లోకల్ అథారిటీకి, అంటే మున్సిపాలిటీ, పంచాయతీ లాంటి స్థానిక సంస్థకి ఇవ్వాలి, 3 నెలల్లో తేల్చాలి, నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీల్. మనవాళ్లు అలవాటుగా డీఈఓ ఆఫీసుకి వెళ్లి నోటితో చెప్పి వస్తారు. నోటిమాటకి నంబరు పడదు కదండీ.

శైలు_ఉప్పల్:
మాస్టారూ, మీరు చెప్పే చట్టం మా వాడి స్కూల్‌కి తెలియదేమో. పోయినేడాది ఏడో తరగతిలో ఇంకో అబ్బాయితో గొడవపడ్డాడని పిలిచి, తీసేశామని వాళ్లు రాయకుండా, 'సొంత కారణాల వల్ల టీసీ కావాలి' అని నా చేతే లెటర్ రాయించుకున్నారు. మంచి కండక్ట్ రాసిస్తాం, లేదంటే మీ ఇష్టం అన్నారు. ఆయన ఊళ్లో లేరు, నేను టెన్షన్‌లో సంతకం పెట్టేశాను. వాడి మాట ఒక్కరూ వినలేదు.

కొండాపూర్_రిటర్న్:
అక్కడా ఉంది ఈ జబ్బు, ఆఫ్ రోలింగ్ అంటారు. కాగితం మీద తీసేసినట్టు లేకపోతే కేసు ప్యానెల్ దాకా రానే రాదు. మేం చూసింది వచ్చినవాళ్లనే.

మలక్‌పేట_మాస్టారు:
రావుగారూ, మీరడిగిన పని ఇదే అనుకోండి. ఇలాంటి తల్లి పక్కన కూర్చుని, తారీకులతో సహా ఫిర్యాదు రాసిపెట్టే మనిషి కావాలి. బ్యాంకులో చేసినవాళ్లు, కాగితం విలువ మీకు నేను చెప్పాలా?

తార్నాక_రావు:
జడ్జిలా కూర్చుందామని వస్తే గుమాస్తా పని ఇచ్చారు మాస్టారూ, సరే. శైలు గారూ, ఆ లెటర్ రాయించుకున్న తారీకు గుర్తుందా అమ్మా?

శైలు_ఉప్పల్:
గుర్తుందండీ. ఇచ్చేముందు ఫోన్‌లో ఫొటో కూడా తీసుకున్నాను.