పాయింట్ల పద్ధతిలో బరువు తగ్గడం: అన్నం, పప్పు, పెరుగు మానకుండా మొదలుపెట్టినవారి అనుభవాలు

ఎడిసన్ గృహిణి:
అందరికీ నమస్కారం. వచ్చే సోమవారం నుంచి, బరువు తగ్గడానికి తోడ్పడే వెయిట్ వాచర్స్ అనే అమెరికా సంస్థ వారి పాయింట్ల పద్ధతిని మొదలుపెడుతున్నాను. ఇందులో తినే ప్రతిదానికీ కొన్ని పాయింట్లు కట్టి, రోజుకు ఇన్ని అని కోటా ఇస్తారు. నా వయసు 43, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 81 కిలోలు. మా అమ్మగారికి చాలాకాలంగా మధుమేహం ఉంది. గత నెల నా రక్తపరీక్షలో మూడు నెలల చక్కెర సగటు (HbA1c) 6.1 శాతం, అంటే మధుమేహానికి ముందు దశ అని రావడంతో ఇక వాయిదా వేయకూడదని నిశ్చయించుకున్నాను. నాకు రోజుకు 25 పాయింట్లు కేటాయించారు. మా ఇంట్లో రెండు పూటలా అన్నం, పప్పో పులుసో ఒకటి, ఒక కూర, చివర పెరుగు ఉండవలసిందే. ఇంటిల్లిపాదికీ ఒకటి, నాకు మరొకటి వండుకునే ప్రయత్నం ఇదివరకు రెండుసార్లు చేసి, రెండుసార్లూ నెల తిరక్కుండానే మానేశాను. అందుకే ఈసారి అందరితో కలిసి, అందరూ తినేదే తింటూ తగ్గాలని నా కోరిక. ఒకే గిన్నెలో వండిన కూరలో నా వాటాకు ఎన్ని పాయింట్లో ఎలా కట్టాలి? అన్నం పూర్తిగా మానక తప్పదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

డల్లాస్ వదిన:
అన్నం మానవద్దండి. నేను 14 నెలలుగా ఇదే పద్ధతిలో ఉండి 11 కిలోలు తగ్గాను, రోజూ మధ్యాహ్నం అన్నమే తింటున్నాను. అయితే వండిన అన్నాన్ని ఒక కప్పుతో కొలిచి కంచంలో పెట్టుకుంటాను, మారు వడ్డించుకోను. కప్పు అన్నంలో సుమారు 205 క్యాలరీలు ఉంటాయి. కొలవకుండా పెట్టుకున్న రోజుల్లో నేను రెండు కప్పులకు పైగా తినేదాన్నని కొలవడం మొదలుపెట్టిన తరువాతే తెలిసింది.

కూర లెక్కకు ఒక వంటింటి త్రాసు కొనుక్కోండి. పొయ్యి మీద పెట్టే ముందే పప్పు, నూనె, కొబ్బరి, పల్లీలు వేటికవి తూచి రాసుకోవాలి. వంట అయ్యాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసివేస్తే కూర మొత్తం బరువు వస్తుంది, మీరు వడ్డించుకున్నది అందులో ఎన్నో వంతో చూసుకుంటే చాలు. మా ఇంట్లో ప్రతి గిన్నె, బాణలి, కుక్కరు ఖాళీ బరువును ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. మొదటి పది రోజులు విసుగు పుడుతుంది, ఆ తరువాత పట్టుమని రెండు నిమిషాల పని.

ఇప్పటి పద్ధతిలో సున్నా పాయింట్ల జాబితా ఒకటి ఉంటుంది. ఆకుకూరలు, వంకాయ, బెండకాయ, సొరకాయ వంటి కూరగాయలు, గుడ్లు, చేపలు, చర్మం తీసిన కోడి రొమ్ము మాంసం, పప్పుధాన్యాలు అందులో ఉంటాయి. ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. కందిపప్పు సున్నాయే కానీ, నెయ్యితో పోపు పెట్టిన పప్పు సున్నా కాదు. పోపులో పడిన ప్రతి చెంచానూ లెక్కలో వేసుకోవాలి.

కువైట్ నుంచి:
చిన్న సందేహం. మా అక్కయ్య ఇదివరకు ఈ పద్ధతిలో ఉన్నప్పుడు పప్పుకు కూడా పాయింట్లు వేసుకునేది. ఏది నిజం?

డల్లాస్ వదిన:
రెండూ నిజమే తమ్ముడూ. ఈ పద్ధతిని వారు కొన్నేళ్లకొకసారి మారుస్తూ వచ్చారు. 2015 చివర్లో వచ్చిన దానిలో పప్పులకు పాయింట్లు ఉండేవి, 2017 చివర్లో వచ్చిన మార్పుతో అవి సున్నా జాబితాలోకి చేరాయి. పాత పుస్తకంలోని అంకెలను కొత్త కోటాతో కలిపి లెక్క వేస్తే రెండూ పొసగవు. మీ అక్కయ్య ఏ సంవత్సరపు పద్ధతిలో ఉండేవారో అడిగి చూడండి.

బెజవాడ లెక్కల మాస్టారు:
నేను ఏ సంస్థలోనూ చేరలేదు. 1990ల నాటి తొలి పాయింట్ల సూత్రాన్ని పట్టుకుని, నోటు పుస్తకంలో రాసుకుంటూ 9 నెలల్లో 7 కిలోలు తగ్గాను. ఆ సూత్రం ఇది. క్యాలరీలను 50తో భాగించాలి, కొవ్వు గ్రాములను 12తో భాగించి దానికి కలపాలి, పీచు గ్రాములను 5తో భాగించి ఆ మొత్తంలోంచి తీసివేయాలి. పీచును 4 గ్రాములకు మించి లెక్కించరు. ఇప్పటి పద్ధతి వేరు కాబట్టి, ఎడిసన్ చెల్లెమ్మ తన 25లోంచి ఈ అంకెలను తీసివేయకూడదు. అయితే మన భోజనంలో బరువెక్కించేది ఏదో చూపించడానికి ఈ పాత సూత్రం నాకు అద్దంలా పనిచేసింది.

కప్పు అన్నానికి 4 పాయింట్లు వచ్చాయి. ఒక మనిషికి సరిపడే 30 గ్రాముల కందిపప్పుకు ఒకటిన్నర వచ్చింది. ఒక్క టేబుల్ స్పూను నూనెకు మూడున్నర! అంటే కప్పు అన్నానికీ, వంకాయ వేపుడులో కంటికి కనబడకుండా పోయే ఆ చెంచాడు నూనెకూ తేడా అర పాయింటు. మూడు ఇడ్లీలకు దాదాపు మూడున్నర పడితే, వాటితో తినే పచ్చడిలోని 20 గ్రాముల వేరుశనగపప్పుకే రెండున్నర దాటుతుంది, ఇంకా పోపు కలపలేదు. పాలతో, రెండు చెంచాల పంచదారతో చేసుకునే చిన్న గ్లాసు కాఫీకి సుమారు 2 పడుతుంది, నేను రోజుకు నాలుగు తాగేవాణ్ణి. అన్నాన్ని తిడుతూ బతికిన ఇన్నేళ్లలో నేను కాఫీ వైపు, పోపు గరిటె వైపు చూడనే లేదు.

మన వంట సరుకుల అంకెలు కావలసినవారికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికలు మంచి ఆధారం. వాటిలో 528 ఆహార పదార్థాల వివరాలున్నాయి. తోటకూర, గోంగూర, కందిపప్పు వంటి వాటికి విదేశీ పట్టికలను వెతుక్కోవలసిన పని లేదు.

హనుమకొండ ఆడబిడ్డ:
సున్నా అన్న మాటను నేను తప్పుగా అర్థం చేసుకున్న సంగతి చెబుతాను, కొత్తవారికి పనికివస్తుంది. సున్నా కదా అని సాయంత్రం గిన్నెడు ఉడికించిన శనగలు, రాత్రి భోజనం తరువాత రెండు అరటిపండ్లు తినేదాన్ని, మూడు వారాలు ముల్లు కదలలేదు. సున్నా అంటే తూచి రాసుకోనక్కరలేదని అర్థమే తప్ప, అందులో క్యాలరీలు లేవని కాదు. ఆకలి తీరేంతవరకు తిని ఆపిన నాటి నుంచి మళ్లీ తగ్గడం మొదలైంది. మరొకటి, పండు కొరికి తింటే సున్నా, దాన్నే రసం తీసి తాగితే పాయింట్లు పడతాయి.

పండుగల గురించి కూడా చెప్పాలి. వారానికి విడిగా ఇచ్చే అదనపు పాయింట్లను నేను వారం మధ్యలో ముట్టుకోను. సంక్రాంతికి మా అత్తమ్మ చేసిన సకినాలు ముందే లెక్కించి నాలుగు పక్కన పెట్టుకుని, ఆ పూట అందరితో కూర్చుని తృప్తిగా తిన్నాను. ఇంతకుముందు ఆహార నియమం అనగానే పండుగ పూట నేను ఒక్కదాన్నే వేరుగా కూర్చునేదాన్ని, అది ఎంత బాధగా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది. సర్వపిండి మాత్రం ఇప్పుడు మందపాటి గిన్నెలో సగం నూనెతో, సన్నని మంట మీద, మూత పెట్టి ఎక్కువసేపు కాలుస్తున్నాను. కరకరలాడడంలో ఏ లోటూ రాలేదు.

పన్నెండేళ్ల మధుమేహం:
ఇక్కడ చదువుతున్న మధుమేహ రోగులకు ఒక మనవి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతున్నవారు డాక్టరుకు చెప్పకుండా అన్నం తగ్గించకండి. నేను అలా తగ్గించిన నాలుగో రోజున సాయంత్రం చెమటలు పట్టి, చేతులు వణికి, చూస్తే రక్తంలో చక్కెర 58కి పడిపోయి ఉంది. మందు మోతాదు పాత తిండికి తగినట్లుగా ఉండిపోయి, తిండి మాత్రం తగ్గిపోవడమే దానికి కారణం. తరువాత డాక్టరు మోతాదు తగ్గించారు. అంతేకాక, మధుమేహం ఉన్నవారికి సున్నా జాబితా వేరుగా ఉంటుంది, మీ వివరాలు ఇచ్చేటప్పుడు ఆ విషయాన్ని దాచకండి.

డల్లాస్ వదిన:
ఇది చాలా అవసరమైన మాట అన్నయ్యా, చెప్పినందుకు కృతజ్ఞతలు. నేను మరచినది ఇంకొకటి ఉంది. బరువు తగ్గేకొద్దీ రోజువారీ కోటా కూడా తగ్గుతుంది, ఎందుకంటే వయసు, ఎత్తు, బరువు, స్త్రీయా పురుషుడా అన్నవాటిని బట్టి దాన్ని కడతారు. అది చూసి చాలామంది కుంగిపోతారు. తేలికైన శరీరానికి తక్కువ ఇంధనం చాలుతుంది, అంతే. వీలైతే వారానికొకసారి జరిగే వెయిట్ వాచర్స్ సభ్యుల సమావేశానికి వెళ్లండి. 1961లో జీన్ నైడెచ్ అనే న్యూయార్క్ గృహిణి స్నేహితురాళ్లను తన ఇంటికి పిలిచి మాట్లాడుకోవడంతోనే ఇదంతా పుట్టింది, సంస్థగా రూపొందింది 1963లో.

ఎడిసన్ గృహిణి:
మొదటి వారం పూర్తయింది, వచ్చి చెబుతానని అనుకున్న ప్రకారం రాస్తున్నాను. మాస్టారి లెక్క చదివాక ముందుగా మా ఇంటి నూనె డబ్బా చూశాను. నలుగురం నెలకు 5 లీటర్లు వాడుతున్నాము, అంటే మనిషికి రోజుకు 38 గ్రాములు, సుమారు 340 క్యాలరీలు. ఇది బయటి తిండిని కలపకుండానే. అందుకని డబ్బాతో వంచడం మానేసి, పొద్దున్నే ఆ రోజుకు సరిపడే నూనెను ఒక చిన్న గిన్నెలో తీసి పొయ్యి పక్కన పెట్టుకుంటున్నాను, వంటంతా దానితోనే కావాలి. దొండకాయలను ముందు ఆవిరి మీద మగ్గనిచ్చి తరువాత వేయించాను. మావారు తేడా ఏమీ పసిగట్టలేదు, మా చిన్నవాడు మాత్రం అప్పడం లేదేమని అడిగాడు.

అన్నం పూటకు ఒక కప్పు, పప్పు రెండు గరిటెలు, వెన్న తీసిన పాల పెరుగు. బుధవారం రాత్రి ఆకలి వేసి మజ్జిగ తాగి పడుకున్నాను. శనివారం పుట్టినరోజు విందులో బిర్యానీ ఒక కప్పు తిన్నాను, దానికి వారపు అదనపు పాయింట్లలో సగం పోయాయి. ఈ ఉదయం తూచుకుంటే 80.2 ఉన్నాను. గిన్నెల బరువుల కాగితం మా ఫ్రిజ్ మీద కూడా చేరింది, కుక్కరు ఒక్కటి ఇంకా తూచాలి.