ఇన్స్‌బ్రుక్‌లో రెండు రోజులే ఉంటే స్కీయింగా, ఊరు చూడటమా?

మొదటిమెట్టు:
మేము మ్యూనిక్‌లో ఉంటాం. ఫిబ్రవరిలో అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి వస్తున్నారు. మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాపతో కలిపి ఐదుగురం ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ వెళ్దామనుకుంటున్నాం. రైల్లో రెండు గంటల లోపే. ఉన్నది రెండు రోజులు. నాకూ పాపకూ స్కీయింగ్ చేయాలని ఆశ, ఇద్దరమూ ఇంతవరకు స్కీలు ముట్టుకోలేదు. ఆఫీసులో ఒకాయన "రెండు రోజుల్లో ఏం వస్తుంది, డబ్బు దండగ, హాయిగా ఊరు చూసి రండి" అన్నారు. ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ఇసార్_ఒడ్డు:
మీ ఆఫీసాయన మాటే నాదీ. ఐదేళ్ల కిందట మేమూ ఇలాగే రెండు రోజులకి వెళ్లాం. పొద్దున ఎనిమిదిన్నరకి స్కీలు అద్దెకిచ్చే షాపు ముందు క్యూ కట్టాం. బూట్లు తొడిగి, బకిల్స్ బిగించి, సామాను మోసుకుంటూ వాలు దగ్గరికి చేరేసరికి పదకొండు. నాకిచ్చిన బూటు ఒక సైజు చిన్నది. పిక్క చుట్టూ ఇనప పట్టీ బిగించినట్టుంది. స్కీ బూటంటే ఇలాగే ఉంటుందేమో అనుకుని ఓర్చుకున్నాను. రెండు గంటల క్లాసు అయ్యేసరికి పడి లేవడం మాత్రం వచ్చింది. సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ పాత ఊళ్లోకి వస్తే చీకటి పడిపోయింది, మ్యూజియం మూసేశారు. మర్నాడు మధ్యాహ్నం రైలెక్కేశాం.

మళ్లీ రెండేళ్లకి ఊరు చూడటానికే వెళ్లాను. ఏం వదిలేసుకున్నానో అప్పుడు తెలిసింది. గోల్డెన్ రూఫ్ ఫొటోల్లో చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కింద నిలబడి తలెత్తి చూడండి. బంగారు పూత పూసిన 2,657 రాగి పెంకులు. కింద చౌకులో జరిగే పోటీలు చూడటానికి 1500 ప్రాంతంలో మాక్సిమిలియన్ చక్రవర్తి కట్టించుకున్న బాల్కనీ అది. అక్కడికి దగ్గర్లోనే హోఫ్‌కిర్షే చర్చి. మధ్యలో ఆయన సమాధి, అటూ ఇటూ మనిషి కంటే ఎత్తైన 28 కంచు విగ్రహాలు. ఆయన పూర్వీకులు, బంధువులు, కథల్లోని ఆర్థర్ రాజు కూడా. శవం దగ్గర కాపలా ఉన్నట్టు నల్లగా, మౌనంగా నిలబడి ఉంటారు. కానీ సమాధి ఖాళీ! 1519లో ఆయన పోతే ఖననం చేసింది వియన్నా వైపున్న వీనర్ నోయ్‌స్టాట్ ఊళ్లో. పాత బాకీలు తీర్చలేదని ఈ ఊరి సత్రాలవాళ్లు ఆయన పరివారానికి బస ఇవ్వలేదనీ, అలా బయల్దేరినవాడు మళ్లీ తిరిగి రాలేదనీ చెప్పుకుంటారు. ఆ ఖాళీ సమాధి ముందు నేను అరగంట నిలబడిపోయాను. ఇంత ఊరిని స్కీలు పెట్టుకునే గదిలా వాడుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మంచుపిచ్చి:
ఇసార్_ఒడ్డు గారూ, మీరు పడ్డ బాధకి కారణం బూటు. దానికి స్కీయింగ్‌ని తప్పుపట్టకండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు లోగోడకి కొద్దిగా తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి, మడమ లేవకూడదు. నొప్పి ఉంటే అక్కడికక్కడే మార్చమని అడగాలి.

ఇక చరిత్రంతా చర్చిలోనే ఉందంటే నేను ఒప్పుకోను. ఈ ఊళ్లో జరిగిన 1964 శీతాకాల ఒలింపిక్స్‌కి మంచు పడకపోతే ఆస్ట్రియా సైన్యం పై కొండల నుంచి 40,000 ఘనపు మీటర్ల మంచు మోసుకొచ్చి వాలుల మీద పరిచింది. శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున మొదటిసారి ఒక మనిషి దిగిందీ ఆ ఏడాది ఇక్కడే. ఆయన పేరు జెరెమీ బుజకోవ్‌స్కీ, కొండ మీంచి వేగంగా కిందికి దూసుకొచ్చే డౌన్‌హిల్ పోటీ. 1976 ఒలింపిక్స్ జరపాల్సిన అమెరికా నగరం డెన్వర్ తప్పుకుంటే మళ్లీ ఈ ఊరే ఆదుకుంది. పాచర్‌కోఫెల్ కొండ మీద ఆస్ట్రియా స్కీయర్ ఫ్రాంజ్ క్లామర్ డౌన్‌హిల్‌లో 0.33 సెకన్ల తేడాతో బంగారు పతకం కొట్టింది అప్పుడే. ఆ కొండ ఊళ్లోంచి కనిపిస్తూనే ఉంటుంది.

రెండు రోజుల్లో స్కీయింగ్ రాదు, నిజమే. కానీ మడమలు బయటికి తోసి, స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి ఆగడం పిల్లలకి ఒక పూటలో వచ్చేస్తుంది. పిజ్జా ముక్కలా పెట్టమని చెప్తారు. పదిసార్లు పడ్డ పాప పదకొండోసారి తనంతట తను ఆగినప్పుడు దాని మొహం చూడండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఊరికి ఆనుకుని ఉందని నార్డ్‌కెటె కొండల మీద క్లాసు వెతక్కండి. పైన హాఫెలెకార్ దగ్గర వాలు 70 శాతం దాకా ఉంటుంది. కొత్తవాళ్లకి ఊరికి దగ్గర్లోని ముటరర్ ఆల్మ్ లాంటి తేలిక వాలులున్న చోటే సరి.

గోదారిగట్టు:
మీరిద్దరూ ఇంట్లో పెద్దవాళ్ల సంగతి మర్చిపోయారు. కిందటేడు మా అమ్మనీ నాన్ననీ తీసుకెళ్లాను. వాళ్ల వల్లే చెప్తున్నా, నార్డ్‌కెటె వదలొద్దు, స్కీలు లేకుండా వెళ్లండి. ఊరు 574 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కేబుల్ కారు హాఫెలెకార్ స్టేషన్ 2,256 మీటర్లలో. అరగంటలో అంత ఎత్తుకి వెళ్లేసరికి నాన్నకి ఆయాసం వచ్చింది. బీపీ, గుండె జబ్బు ఉంటే ముందు డాక్టర్ని అడగండి, మధ్యలో సేగ్రూబె స్టేషన్ దగ్గర దిగి కాసేపు కూర్చోండి. మా అమ్మ చీర మీద నా జాకెట్ వేసుకుని, గుప్పెడు మంచు తీసి చేతిలో కరిగేదాకా అలాగే పట్టుకుంది. ఎంత చెప్పినా పారేయలేదు.

స్కీయింగ్ చేసేవాళ్లు ఇన్సూరెన్స్ కాగితం చదువుకోండి. స్కీ ప్రమాదాలు, కొండ మీంచి హెలికాప్టర్‌లో దించడం అందులో ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే వేల యూరోలు మీద పడతాయి.

ఇసార్_ఒడ్డు:
మంచుపిచ్చి గారు పాప గురించి చెప్పింది ఒప్పుకుంటాను. పిల్లలకి పూట చాలు. పెద్దవాళ్లకి చాలదనే ఇప్పటికీ అంటాను. ఆ పూట కూడా మొదటి రోజు పొద్దున పెట్టుకోండి. రెండో రోజు ఒళ్లునొప్పులతో క్లాసుకి వెళ్లలేరు, చర్చిలో నెమ్మదిగా నడవగలరు.

మొదటిమెట్టు:
అందరికీ థ్యాంక్స్ అండీ. మొదటి రోజు పొద్దున పాపకి ఒక్కదానికే క్లాసు బుక్ చేశాను. నేను పక్కన నిలబడి చూస్తాను. మా ఆవిడ అమ్మానాన్నలతో గోల్డెన్ రూఫ్ దగ్గరికి వెళ్తుంది, మధ్యాహ్నం కలుస్తాం. రెండో రోజు చర్చి, కేబుల్ కారు అందరం కలిసి. నాన్నని డాక్టర్ దగ్గరికి వెళ్లమని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను.

మంచుపిచ్చి:
మీకూ స్కీలు అద్దెకి తీసుకోవాల్సిందని నా మనసు పీకుతూనే ఉంది. సరే, పాపకి గ్లవ్స్ రెండు జతలు పెట్టుకోండి. మొదటి జత గంటలో తడిసిపోతుంది.