అమ్మ రాత్రి లేస్తే కారిడార్ లైటు వెలగట్లేదు, కరెంటు పోయొస్తే మాత్రం అన్నీ వెలిగిపోతున్నాయి, ఎక్కడ చూడాలి?

రాత్రిదీపం:

అందరికీ నమస్కారం అండి. ఆర్నెల్ల నుంచి ఇంట్లో ఒక్కోగదికీ స్మార్ట్ లైట్లు పెట్టుకుంటూ వచ్చాను, ఇప్పటికి 17 జిగ్బీ (వైఫై కాకుండా వేరే రేడియో పద్ధతితో మాట్లాడుకునే) బల్బులు, 4 మోషన్ సెన్సర్లు, 3 రిమోట్ బటన్లు, అన్నీ ఒక చిన్న కంప్యూటర్‌లో నడిచే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌కి జిగ్బీ డాంగుల్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న రేడియో) పెట్టి కలిపాను. మొదటి రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచింది, ఆ తర్వాత నుంచి నమ్మకం పోయింది.

ముఖ్యంగా కారిడార్. అమ్మకి మోకాళ్ల నొప్పులు, రాత్రి రెండు మూడు సార్లు బాత్రూమ్‌కి లేస్తుంది, తను నడవగానే లైటు తక్కువ వెలుతురుతో రావాలని ఇదంతా మొదలుపెట్టిందే. ఇప్పుడేమో నాలుగు సార్లు నడిస్తే ఒకసారి వెలగట్లేదు, ఇంకోసారి వెలిగి తను మధ్యలో ఉండగానే ఆరిపోతోంది. పోయిన వారం చీకట్లో గోడ పట్టుకుని అలా నిలబడిపోయిందట, పొద్దున చెప్పింది. ఆ మాట విన్నప్పట్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు.

మిగతావి: సాయంత్రం అయ్యేసరికి బెడ్రూమ్ వైపు బల్బులు రెండు మూడు 'అన్‌అవైలబుల్' అని చూపిస్తాయి. పడుకునే ముందు ఒక బటన్ నొక్కితే అన్నీ ఆరిపోవాలి, ఎప్పుడూ రెండో మూడో మిగిలిపోతాయి, అవి కూడా రోజూ అవే కాదు. కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే అర్ధరాత్రైనా ఇల్లంతా ఫుల్ వెలుతురు.

బ్యాటరీలు మార్చాను, బల్బులన్నీ మూడు సార్లు తీసేసి మళ్లీ జత చేశాను, వైఫై రౌటర్ కూడా పెద్దది కొన్నాను. ఏం మారలేదు. మొత్తం తీసేసి వైఫై బల్బులకి వెళ్లిపోవాలా?

మెష్‌లో_ఒకడు:

తీసేయకండి. 17 బల్బులు వైఫైకి మారిస్తే అవీ జిగ్బీ లాగే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో మీదే ఉంటాయి, ఇల్లు అదే గాలి అదే, సమస్య వేషం మార్చుకుని వస్తుంది అంతే. ముందు మూడు విషయాలు చెప్పండి. డాంగుల్ ఎక్కడ గుచ్చారు, దాని పక్కన ఏమేం ఉన్నాయి? జిగ్బీ ఏ ఛానెల్, వైఫై ఏ ఛానెల్? ఇంట్లో ఎవరైనా గోడ స్విచ్ దగ్గర లైట్లు ఆపేస్తున్నారా?

రాత్రిదీపం:

డాంగుల్ నేరుగా కంప్యూటర్ వెనక నీలం రంగు యూఎస్‌బీ పోర్టులో ఉంది అండి, దాని పక్క పోర్టులోనే బయటి ఎస్ఎస్‌డీ (డేటా దాచే డ్రైవ్). ఆ కంప్యూటర్ టీవీ కింద అరలో ఉంది, పైన వైఫై రౌటర్. జిగ్బీ ఛానెల్ 11, మొదట్నుంచీ అదే, వైఫై ఆటోలో ఉంది, ఇప్పుడు చూస్తే 1 మీద నడుస్తోంది. స్విచ్‌లు... నాన్నగారు రోజూ సాయంత్రం వాడని గదుల్లో స్విచ్‌లు ఆపేసి వస్తారు, కరెంటు దండగ అని ఆయనకి చిన్నప్పట్నుంచీ అలవాటు. వద్దని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

మెష్‌లో_ఒకడు:

మూడూ ఉన్నాయి మీకు, పాపం.

మొదటిది ఆ నీలం పోర్టు, అంటే యూఎస్‌బీ 3. యూఎస్‌బీ 3 మీద డేటా పరిగెడుతున్నప్పుడు పోర్టు నుంచీ కేబుల్ నుంచీ సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద వస్తుంది, ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద పేపర్ పెట్టారు. మీ డాంగుల్ దూరంగా ఉన్న బల్బు గొంతు వినాలి, కానీ చెవి పక్కనే ఎస్ఎస్‌డీ అరుస్తోంది. ఒక మీటరు పైన ఉన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసుకుని, యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టి, డాంగుల్‌ని అరలోంచి బయటికి, రౌటర్‌కి దూరంగా, కాస్త ఎత్తులో పెట్టండి. మీరు పెద్ద రౌటర్ కొనేకన్నా ముందు చేయాల్సిన పని ఇది.

రెండోది ఛానెల్. జిగ్బీ 11 అంటే 2405 మెగాహెర్ట్జ్, వైఫై ఛానెల్ 1 దాదాపు 2401 నుంచి 2423 దాకా కూర్చుంటుంది, అంటే రెండూ ఒకే కుర్చీ మీద. జిగ్బీని 25కి తీసుకెళ్లండి, అది 2475, వైఫై 11 అంచుకి కూడా అవతలే ఉంటుంది. 26 కూడా ఉంది గానీ కొన్ని పరికరాలు అక్కడ తక్కువ పవర్‌తో పంపిస్తాయి, నేనైతే వద్దంటాను. వైఫైని ఆటో తీసేసి 1 మీదో 6 మీదో కట్టేయండి, 2.4లో వెడల్పు 40 కాకుండా 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. ఛానెల్ మార్చాక బల్బులు చాలావరకు వాటంతటవే వస్తాయి, బ్యాటరీ సెన్సర్లు నిద్రలో ఉంటాయి కాబట్టి కొన్నింటిని మళ్లీ జత చేయాల్సి రావచ్చు, దానికి కంగారు పడకండి.

ఒకటే విన్నపం, అన్నీ ఒకే రోజు చేయొద్దు. కేబుల్ మార్చి రెండు రోజులు చూడండి, తర్వాత ఛానెల్. లేకపోతే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు.

పాతవైరింగ్:

నేను ఇళ్ల వైరింగ్ పని చేస్తాను, స్విచ్ సంగతి నేను చెప్తా అన్నా. జిగ్బీలో కరెంటు మీద నడిచే బల్బు దాదాపు ప్రతిదీ పక్కవాడి మాట మోసే దూత లాంటిది, మీ మోషన్ సెన్సర్ నేరుగా డాంగుల్‌తో మాట్లాడట్లేదు చాలావరకు, దగ్గర్లో ఉన్న ఏదో బల్బుని పట్టుకుని వేలాడుతోంది. నాన్నగారు ఆ బల్బు స్విచ్ ఆపేశారనుకో, సెన్సర్ కాళ్ల కింద మెట్టు తీసేసినట్టే. కొన్ని సెన్సర్లు అయితే పాత తల్లినే, అంటే ముందు పట్టుకున్న బల్బునే, పట్టుకుని గంటలు గంటలు అలాగే ఉంటాయి, వేరేదాన్ని వెతుక్కోవు. మీ సమస్యలు సాయంత్రమే ఎందుకు మొదలవుతున్నాయో ఇప్పుడు అర్థమైందా.

దీనికి స్విచ్ మీద టేపు వేయడం, కాగితం అంటించడం లాంటివి చేయొద్దు, ఆ ఇల్లు ఆయనది కూడా, గోడ మీద స్విచ్ నొక్కితే లైటు ఆరాలి వెలగాలి, అది ఆయన హక్కు. స్విచ్ బోర్డు వెనక చిన్న జిగ్బీ రిలే (రేడియో మాటతో కరెంటు కలిపే, తెంచే డబ్బా) పెట్టించండి, అందులో స్విచ్‌ని రిలే నుంచి విడదీసే మోడ్ ఉన్నది చూసి కొనండి, అప్పుడు స్విచ్ నొక్కితే బల్బుకి కరెంటు పోదు, 'ఆరిపో' అనే మాట మాత్రం వెళ్తుంది. లేదంటే ఆ గదుల్లో మామూలు ఎల్ఈడీ బల్బులు పెట్టి స్విచ్‌నే స్మార్ట్ చేయండి, రంగులూ గింగులూ అక్కర్లేని గదికి నాకు ఇదే ఇష్టం.

ఒక జాగ్రత్త. పాత ఇళ్లలో స్విచ్ బోర్డులోకి చాలాసార్లు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) రాదు, ఫేజ్ వైరు ఒక్కటే దిగి మళ్లీ పైకి పోతుంది. న్యూట్రల్ అక్కర్లేని మాడ్యూల్స్ ఉన్నాయి, కానీ అవి బతకడానికి కావాల్సిన కొంచెం కరెంటుని బల్బు గుండానే లాక్కుంటాయి, తక్కువ వాట్ల ఎల్ఈడీ అయితే ఆపినా మిణుకుమిణుకుమంటుంది. అలా అయితే ఆ కొంచెం కరెంటు పక్కనుంచి పోయేలా బల్బు దగ్గర ప్యారలల్‌గా బైపాస్ కెపాసిటర్ వేయాలి. మీరు సొంతంగా బోర్డు విప్పొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, విప్పే ముందు ఎంసీబీ ఆపడమే కాదు, టెస్టర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి.

ట్రిగ్గర్_తంబి:

రేడియో సంగతి పైవాళ్లు చెప్పేశారు, అమ్మగారు మధ్యలో ఉండగా లైటు ఆరిపోవడం మాత్రం రేడియో తప్పు కాదు అనుకుంటున్నా, ఆటోమేషన్ రాసిన తీరు. మీరు 'మోషన్ వస్తే లైటు వెయ్యి, 2 నిమిషాలు ఆగు, ఆపేయి' అని రాసుంటారు, కదా? హోమ్ అసిస్టెంట్‌లో మోడ్ ఏమీ మార్చకపోతే 'సింగిల్', అంటే ఆ రెండు నిమిషాల్లో మళ్లీ కదలిక వచ్చినా పట్టించుకోదు, మొదటి లెక్క ప్రకారమే ఆపేస్తుంది. మోడ్‌ని 'రీస్టార్ట్' చేయండి, ఇంకా మంచిది ఏంటంటే ఆ ఆగడం తీసేసి, 'సెన్సర్ 3 నిమిషాలు కదలిక లేదని చెప్తేనే ఆపు' అని రాయండి. బ్యాటరీ సెన్సర్లు చాలావరకు ఒకసారి చూశాక నిమిషం దాకా మళ్లీ చూడవు కాబట్టి నిమిషం కన్నా తక్కువ టైమ్ అస్సలు పెట్టొద్దు.

ట్రిగ్గర్‌లో (ఆటోమేషన్‌ని మొదలుపెట్టే షరతులో) 'ఆన్ అయితే' అని మాత్రమే ఉంటే, సెన్సర్ 'అన్‌అవైలబుల్' నుంచి తిరిగొచ్చి ఆన్ చూపించినా అది నడిచేస్తుంది, 'ఆఫ్ నుంచి ఆన్' అని రెండు వైపులా రాయండి.

పడుకునే ముందు బటన్‌కి, 17 బల్బులకి 17 మెసేజ్‌లు వరసగా వెళ్తున్నట్టున్నాయి, మెష్‌లో (పరికరాలు ఒకదాని మాట ఒకటి మోసే ఆ వలలో) ఇరుకు పడి రెండు మూడు రాలిపోతాయి. జిగ్బీ గ్రూప్ కట్టండి, హోమ్ అసిస్టెంట్ గ్రూప్ కాదు, జిగ్బీ లోపలి గ్రూప్, అప్పుడు ఒక్క కేక అందరికీ వినిపిస్తుంది. వీలైతే మంచం పక్క బటన్‌ని ఆ గ్రూప్‌కి నేరుగా బైండ్ చేయండి, అంటే కంప్యూటర్ మధ్యలో లేకుండా ముడిపెట్టండి, కంప్యూటర్ ఆగిపోయినా బటన్ పనిచేస్తుంది. అమ్మగారి మంచం దగ్గర అలాంటిది ఒకటి పెడితే సెన్సర్ మీద మొత్తం భారం ఉండదు.

కరెంటు వచ్చాక అన్నీ వెలగడం బల్బు సెట్టింగ్, చాలా బల్బులు కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 'కరెంటు వస్తే వెలుగు' అని ఉంటాయి, మామూలు స్విచ్‌తో వాడేవాళ్ల కోసం. ఒక్కో బల్బు పేజీలో పవర్-ఆన్ బిహేవియర్ అని వెతికి 'ముందున్న స్థితి' అని పెట్టండి. కొన్ని బల్బుల్లో అది ఉండదు, అవి కారిడార్‌కీ బెడ్రూమ్‌కీ వాడకండి.

రాత్రిదీపం:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి, చెప్పినట్టే ఒక్కోటి చేసి చూశాను.

కేబుల్‌తోనే సగం బాగుపడింది, నిజంగా నమ్మలేకపోయాను. దూరపు బల్బు ఒకదాని సిగ్నల్ నంబరు 30 దగ్గర ఊగుతుండేది, డాంగుల్ అరలోంచి బయటికి తీయగానే 110 దాటింది. ఛానెల్ 25కి మార్చినప్పుడు సెన్సర్లు రెండు పోయాయి, మళ్లీ జత చేస్తే వచ్చాయి. పడుకునేటప్పుడు నొక్కే బటన్ గ్రూప్‌కి మార్చాక ఒక్క లైటు కూడా మిగలట్లేదు.

స్విచ్‌ల దగ్గర ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే కారిడార్ బోర్డులో న్యూట్రల్ ఉంది, రెండు బెడ్రూముల్లో లేదు. కారిడార్‌లో రిలే పెట్టించాం, బెడ్రూముల్లో బైపాస్‌తో స్మార్ట్ స్విచ్, మామూలు బల్బులు. నాన్నగారికి ఏం మార్చామో కూర్చోబెట్టి చెప్పాను, ఇప్పుడూ రోజూ సాయంత్రం స్విచ్‌లు నొక్కుతూనే వెళ్తారు, కారిడార్‌లో మెష్ తెగిపోవట్లేదు. ఇన్నాళ్లూ ఆయన్ని అడ్డుకోకపోవడమే మంచిదైంది.

పవర్-ఆన్ సెట్టింగ్ లేని బల్బులు మూడు తేలాయి, వాటిని వరండాలోకి పంపించేశాను.

కారిడార్ సెన్సర్ ఈ మూడు వారాల్లో ఒక్క రాత్రి మాత్రం తప్పింది, బ్యాటరీ కాదు, తలుపు తెరిచి ఉంటే సెన్సర్ చూపుకి అడ్డం పడుతోంది, ఒక అడుగు పక్కకి జరిపాను. అమ్మ మంచం పక్కన బటన్ బైండ్ చేసి పెట్టాను, చీకట్లో వేలికి తగిలేలా దాని మీద చిన్న బొట్టు బిళ్ల అంటించుకుంది తనే. మొన్న పొద్దున టీ ఇస్తూ, రాత్రి లైటు నా కంటే ముందు నడిచింది రా అంది.

ట్రిగ్గర్_తంబి గారూ, ఒక్క సందేహం మిగిలింది, కంప్యూటర్ రీస్టార్ట్ అయిన టైమ్‌లో ఆ 3 నిమిషాల లెక్క మధ్యలో ఉంటే లైటు అలాగే వెలిగి ఉండిపోతోంది, దానికేం చేయాలి?

ట్రిగ్గర్_తంబి:

అవును, రీస్టార్ట్ అయితే ఆ లెక్క చెరిగిపోతుంది. హోమ్ అసిస్టెంట్ మొదలవగానే నడిచే ఇంకో ఆటోమేషన్ పెట్టండి, ఒక 5 నిమిషాలు ఆగి, సెన్సర్ ఆఫ్‌లో ఉండి లైటు వెలుగుతూ ఉంటే ఆపేయమని. ముందు ఆ 5 నిమిషాలు ఆగడం ముఖ్యం, సెన్సర్లు అన్నీ నిద్ర లేచి వాటి స్థితి చెప్పే దాకా లైటు ముట్టుకోకూడదు, ఆ టైమ్‌లో అమ్మగారు నడుస్తూ ఉండొచ్చు.