ఓవర్‌స్టీర్: తిప్పడమా, తిరగడమా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ శక్తి ముందు చక్రాలకి అందే) స్పోర్ట్స్ కార్లు మలుపుల్లో ఎలా ప్రవర్తిస్తాయో తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఓవర్‌స్టీర్‌కి 'అతిచాలనం', అండర్‌స్టీర్‌కి 'అల్పచాలనం' అని పెట్టుకున్నాను. నప్పుతాయా? మలుపులో ముందు టైర్ల పట్టుకీ వెనక టైర్ల పట్టుకీ మధ్య ఉండే పొంతనని హ్యాండ్లింగ్ బ్యాలెన్స్ అంటారు కదా, దానికి మాత్రం ఏ మాటా తట్టడం లేదు.

మొదటి జవాబు

'అతిచాలనం' అంటే డ్రైవరు స్టీరింగ్ మరీ ఎక్కువ తిప్పేశాడని అర్థమవుతుందండి. జరిగేది అది కాదు. డ్రైవరు తిప్పింది తిప్పినట్టే ఉంటుంది, బండే అంతకు మించి తిరుగుతుంది. దీనికి తెలుగులో చక్కటి క్రియల జంట సిద్ధంగా ఉంది: తిప్పు, తిరుగు. తిప్పేది మనిషి, తిరిగేది బండి. తిప్పినంత తిరగకపోతే అండర్‌స్టీర్, తిప్పినదానికన్నా ఎక్కువ తిరిగితే ఓవర్‌స్టీర్. ఇంత తేటగా చెప్పగలిగినప్పుడు సమాసం కట్టడం దేనికి?

శాస్త్రం చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది. మలుపులో టైరు చూసే దిక్కు వేరు, అది నిజంగా పోయే దిక్కు వేరు. ఆ తేడాని స్లిప్ యాంగిల్ అంటారు. ముందు టైర్లకి అది ఎక్కువైతే బండి మలుపు దాటి బయటికి పోతుంది. వెనక టైర్లకి ఎక్కువైతే వెనక భాగం బయటికి వస్తుంది. 1930లలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఓలీ వంటి ఇంజనీర్ల పరిశోధనలతో ఈ ఆలోచన గట్టిపడింది.

రెండో జవాబు

తిప్పు, తిరుగు జంట నాకూ నచ్చింది. నిర్వచనానికి అదే వాడండి. కానీ వ్యాసం పొడవునా "తిప్పినదానికన్నా ఎక్కువ తిరగడం" అని రాస్తే చదివేవాళ్లకి ఊపిరాడదు. బండి నడిపేవాళ్లు "ముందు జారింది", "వెనక జారింది" అంటారు. ఏ కొస పట్టు తప్పిందో ఆ మాటలోనే తెలిసిపోతుంది. ఈ రకం కార్లలో తెలియాల్సింది కూడా అదే.

ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ ముందే ఉంటాయి కాబట్టి బరువులో సుమారు 60 శాతం, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ, ముందు చక్రాల మీదే పడుతుంది. బండిని లాగేది అవే, మలిపేది అవే, బ్రేకు భారంలో ఎక్కువ వాటా మోసేదీ అవే. ఒక్కో టైరుకి ఉన్న పట్టు ఇంత అని ఉంటుంది. లాగడానికి ఎక్కువ ఖర్చు పెడితే మలపడానికి తక్కువ మిగులుతుంది. అందుకే మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ముందు జారుతుంది.

మరి వెనక ఎప్పుడు జారుతుంది? చాలాసార్లు కాలు తీసినప్పుడు. వేగంగా మలుపులోకి దూరాక, వేగం ఎక్కువైందన్న టెన్షన్‌లో డ్రైవరు యాక్సిలరేటర్ మీంచి ఠక్కున కాలు తీస్తాడు. ఇంజిన్ బండిని వెనక్కి పట్టి లాగుతుంది, బరువు ముందుకి తూగుతుంది. ముందు టైర్లకి పట్టు పెరిగి ముక్కు లోపలికి దూసుకుపోతుంది. బరువు తగ్గిన వెనక టైర్లు అదే క్షణంలో పట్టు వదిలేస్తాయి. 1984లో వచ్చిన ప్యూజో 205 జీటీఐ అనే చిన్న కారుకి పేరు తెచ్చింది, కొత్తవాళ్లని హడలగొట్టింది కూడా ఈ గుణమే. లిఫ్ట్ ఆఫ్ ఓవర్‌స్టీర్ అనేదాన్ని నేనైతే "కాలు తీస్తే వెనక జారడం" అనే రాస్తాను. కారణం, ఫలితం రెండూ అందులోనే వచ్చేస్తాయి.

ప్రశ్న వేసినవారు

చాలా బాగా చెప్పారండీ. 'అతిచాలనం' తీసేస్తున్నాను. బ్యాలెన్స్‌కి 'సమతుల్యత' రాయనా?

రెండో జవాబు ఇచ్చినవారు

తప్పు కాదు గానీ నిలకడగా నిలబెట్టిన వస్తువు గుర్తొస్తుంది. ఇక్కడ ఏదీ నిలకడగా ఉండదు. 'పట్టువిడుపు' ఎలా ఉంటుందంటారు? ముందు టైర్లకి పట్టు దక్కాలని ఇంజనీర్లు వెనక కొంత పట్టు కావాలనే వదులుకుంటారు. వెనక యాంటీ రోల్ బార్‌ని (మలుపులో బండి పక్కకి ఒరగడాన్ని తగ్గించే కడ్డీని) బిగువుగా పెడతారు. అప్పుడు మలుపులో వెనక భారం ఎక్కువగా బయటి చక్రం మీదకి పోతుంది. భారం పెరిగినంతగా టైరు పట్టు పెరగదు కాబట్టి వెనక జంట మొత్తం పట్టు కొంచెం తగ్గుతుంది. హుషారుగా నడిపే చిన్న కార్లు మలుపులో లోపలి వెనక చక్రాన్ని గాల్లోకి లేపేది అందుకే. చూసేవాళ్లు బోల్తా పడుతుందేమో అనుకుంటారు గానీ, చాలాసార్లు అది డిజైన్‌లో ఉన్నదే.

డ్రైవరు చేతిలోనూ ఈ పట్టువిడుపు ఉంది. 1967లో మినీ కారుతో మాంటే కార్లో ర్యాలీ గెలిచిన రౌనో ఆల్టోనెన్ తరం ఫిన్లాండ్ డ్రైవర్లు కుడికాలితో యాక్సిలరేటర్ తొక్కుతూనే ఎడమకాలితో బ్రేకు నొక్కేవారు. ముందు చక్రాలని ఇంజిన్ తిప్పుతూనే ఉంటుంది కాబట్టి బ్రేకు దెబ్బ వెనక చక్రాలకి గట్టిగా తగులుతుంది. కావలసినంత మేరకే వెనక జారి బండి మలుపు తిరుగుతుంది. ఎంత అందమైన పని!

మొదటి జవాబు ఇచ్చినవారు

'పట్టువిడుపు' అనగానే బేరాలు, రాజీలు గుర్తొస్తాయి కదండీ. శీర్షికలో పెడితే పాఠకుడు తికమకపడతాడు. మొదటిసారి 'హ్యాండ్లింగ్‌లో పట్టువిడుపు' అని రాసి, తర్వాత ఒక్క మాటే వాడండి.

ప్రశ్న వేసినవారు

అలాగేనండి. జాగ్రత్తల భాగంలో ఈ వాక్యం చూడండి: "వెనక జారితే స్టీరింగ్‌ని వ్యతిరేక దిశలో తిప్పి, యాక్సిలరేటర్ వదలకుండా ఉండాలి."

రెండో జవాబు ఇచ్చినవారు

దేనికి వ్యతిరేకం? జారిన వైపుకా, మలుపుకా? కొత్తవాళ్లు తారుమారుగా అర్థం చేసుకుంటే ప్రమాదం. "వెనక భాగం ఎటు జారితే స్టీరింగ్ అటు తిప్పాలి. బ్రేకు ముట్టకుండా యాక్సిలరేటర్ కొద్దిగా ఇవ్వాలి" అని రాయండి. ముందు చక్రాలు బండిని లాగుతాయి, బరువు వెనక్కి వస్తుంది, వెనక టైర్లకి పట్టు తిరిగొస్తుంది. ఇది ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కే అని అదే పేరాలో చెప్పండి. శక్తి వెనక చక్రాలకి అందే కారులో యాక్సిలరేటర్ ఎక్కువైతే జారడం ఇంకా పెరుగుతుంది. రెండే కొత్త టైర్లు కొంటే వెనకే వేయాలని కూడా ఒక వాక్యం చేర్చండి. ముందువి తొందరగా అరుగుతాయని చాలామంది కొత్తవి ముందు వేస్తారు. వానలో వెనక జారేది అప్పుడే.